జైరో మార్చినా డ్రిఫ్ట్ పోలేదు: రాజమండ్రిలో ఒక సెస్నా కేసు

విమానం లోపాలు రాసే టెక్ లాగ్‌లో స్నాగ్, అంటే లోపం, ఒక్క లైనే. డీజీ (దిక్కు చూపించే జైరో డయల్) బాగా డ్రిఫ్ట్ అవుతోంది, అంటే దానంతటదే పక్కకి జరుగుతోంది, అరగంటలో 10 డిగ్రీలు. దాని కింద ఇంజనీరు సంతకంతో ఇంకో లైను: డీజీ తీసి ఓవర్‌హాల్ చేసిన యూనిట్ వేశాం, గ్రౌండ్ రన్ చేశాం (నేల మీదే ఇంజన్ తిప్పి చూడడం), బాగుంది. మూడు వారాలు తిరక్కుండానే మళ్ళీ మొదటి లైనే, ఈసారి వేరే పైలట్ చేతిరాతలో.

విమానం సెస్నా 172, పాతది, లోపల తెరలేమీ లేవు, అన్నీ గుండ్రటి డయల్సే. బయటి ఊరి శిక్షణ సంస్థది, చలికాలం కొన్నాళ్ళు రాజమండ్రి మధురపూడి ఎయిర్‌పోర్టులో ఉంచారు. సంస్థ పేరు మనకనవసరం. నాది పాలకొల్లు దగ్గర పల్లె, ఇరవై ఏళ్ళుగా ఇన్‌స్ట్రుమెంట్ల పని చేస్తున్నాను, పండక్కి కాస్త ముందే ఇంటికొచ్చి ఉన్నానని ఎలా తెలిసిందో గానీ వాళ్ళ చీఫ్ ఇన్‌స్ట్రక్టర్ గారు ఫోన్ చేశారు. "ఓసారి వచ్చి చూసి వెళ్ళండి సార్, రెండో డీజీ కూడా పోయినట్టుంది" అన్నారు. ఆ "కూడా" దగ్గరే నాకు అనుమానం తగిలింది. జైరోలు చెడిపోతాయి, కాదనను. కానీ ఒకే ప్యానెల్లో వరసగా రెండు, అదీ ఒకే లెక్కన చెడిపోయాయంటే ముందు జైరోని వదిలేసి మిగతావాటిని చూడాలి.

డీజీ అంటే డైరెక్షనల్ జైరో. విమానం ముక్కు ఎటు చూస్తోందో చెప్పే డయల్. లోపల ఉండేది ఒక బొంగరమే అనుకోండి. ఇంజన్‌కి తగిలించిన వాక్యూమ్ పంపు గాలి లాగుతుంటే, లోపలికొచ్చే గాలి రోటర్ అంచున చెక్కిన గుంటల మీద కొట్టి దాన్ని నిమిషానికి పది వేల చుట్లకు పైగా తిప్పుతుంది. అంత వేగంగా తిరిగేది తన ఇరుసు దిక్కు మార్చుకోదు, విమానమే దాని చుట్టూ తిరుగుతుంది, ఆ తేడాని డయల్ మీద చూస్తాం. అయితే దానికి ఉత్తరం ఎక్కడుందో తెలియదు. బయల్దేరేటప్పుడు మనమే నాబ్ తిప్పి చెప్పాలి, దారిలో మర్చిపోతుంటే మళ్ళీ గుర్తు చేయాలి. ఉత్తరం తెలిసినది కంపాస్, కానీ అది ద్రవంలో ఊగే వస్తువు, మలుపులో ఒకటి చెబుతుంది, కుదుపులో ఇంకోటి. అందుకే రెండూ ఉంచారు, కంపాస్ కుదురుగా ఉన్నప్పుడు దాన్ని చూసి డీజీ సరిచేసుకోవడం, మిగతా సేపంతా డీజీ మీద నడవడం.

ఇక ఈ మర్చిపోవడం ఎంత అన్నది లెక్క. జైరో ఆకాశంలో ఒక దిక్కు పట్టుకుని కూర్చుంటుంది, కింద భూమి తిరిగిపోతుంది. మనకేమో డీజీ జరిగినట్టు కనిపిస్తుంది. ధ్రువం మీద ఇది గంటకు 15 డిగ్రీలు, భూమధ్యరేఖ మీద సున్నా, మధ్యలో అక్షాంశం సైన్‌తో గుణించాలి. రాజమండ్రి 17 డిగ్రీల ఉత్తరాన ఉంది కాబట్టి గంటకు 4.4. నరసాపురం ఇంకాస్త దక్షిణం, అక్కడ 4.2 చిల్లర. ఉత్తరార్ధగోళంలో ఈ జరుగుడు ఎప్పుడూ తగ్గే వైపే, అంటే 050 మీద పెట్టిన డీజీ గంట తర్వాత 046 దరిదాపుల్లో ఉంటుంది, విమానం అంగుళం కదలకపోయినా. చాలామంది కుర్రాళ్ళు "గంటకు 15" అన్న ఒక్క ముక్క బట్టీపట్టి వస్తారు, ఆ సైన్ సంగతి పరీక్ష అయిన మర్నాడే మర్చిపోతారు. ఫ్రాన్స్‌లో ఫూకో భూమి తిరగడం చూపించడానికి జైరోస్కోప్ చేసి దానికా పేరు పెట్టింది 1852లో. అదే ఏడాది ఇక్కడ కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేశాడు. రెండింటికీ సంబంధమేమీ లేదు, కానీ ఆ బ్యారేజీ మీదుగా ఎగిరినప్పుడల్లా నాకు గుర్తొస్తుంది.

భూమి వల్ల వచ్చేది పోను, విమానం తూర్పుకో పడమరకో వెళ్ళడం వల్ల ఇంకొంచెం వస్తుంది. మన డెల్టా దూరాల్లో అది డిగ్రీలో ఐదో వంతు కూడా ఉండదు, వదిలేయొచ్చు. మూడోది అసలు జబ్బు: బేరింగ్ అరగడం, బ్యాలెన్స్ తప్పడం, సక్షన్ (పంపు గాలి లాగే బలం) చాలక రోటర్ నీరసంగా తిరగడం. పని చేసేవాళ్ళం మామూలుగా 15 నిమిషాల్లో 3 డిగ్రీలు దాటితే అనుమానిస్తాం. వీళ్ళు రాసిన లెక్క అరగంటకు 10, అంటే గీత దాటేసినట్టే. అందుకే మొదటి ఇంజనీరు డీజీ పీకేశాడు. ఆయన్ని తప్పుపట్టను, లాగ్ చదివితే నేనూ అదే చేసేవాణ్ణేమో.

నేనెళ్ళిన రోజు ఒక స్టూడెంట్ కుర్రాడు, పక్కన చీఫ్ ఇన్‌స్ట్రక్టర్ గారు, వెనక సీట్లో నేను. ఒక్కటే అడిగాను: రన్‌వే మీద నిలబెట్టినప్పుడు డీజీ ఒకసారి పెట్టండి, ఆ తర్వాత మళ్ళీ రన్‌వే మీదికొచ్చేదాకా నాబ్ ముట్టుకోవద్దు. ఇన్‌స్ట్రక్టర్ గారికి నచ్చలేదు, 15 నిమిషాలకోసారి సరిచేయమని రోజూ పాఠం చెప్పేది ఆయనే మరి. ఎండ బాగుంది, కిందంతా తెలిసిన నేల, ఒక్కరోజుకి ఫరవాలేదని ఒప్పించాను. రాజమండ్రిలో రన్‌వే 05, అంటే దాదాపు 050 డిగ్రీలు. ఆ అంకె దగ్గరి పదికి సర్దినది, అందుకని చార్టులో ఉన్న అసలు బేరింగ్ చూసి దానికే డీజీ పెట్టించాను. కంపాస్ చూసి పెట్టనివ్వలేదు. ఇది ముఖ్యం, ఎందుకో తర్వాత తెలుస్తుంది.

దారి ఒక త్రిభుజం. మధురపూడి నుంచి నరసాపురం, అక్కణ్ణుంచి యానాం, మళ్ళీ వెనక్కి. మొత్తం 107 నాటికల్ మైళ్ళు. ధవళేశ్వరం దాటాక నది చీలుతుంది, గౌతమి ఎడమకి పోతుంది, మేం వశిష్ఠ పక్కనే కిందికి. ఇంకాస్త పోతే కొబ్బరి తోటల మధ్య రొయ్యల చెరువులు అద్దం పెంకుల్లా మెరుస్తుంటాయి. కుర్రాడు అప్పుడే మొదలెట్టాడు, "చూడండి సార్, జీపీఎస్ 190 అంటోంది, డీజీ 184 అంటోంది, అప్పుడే ఆరు డిగ్రీలు పోయింది."

పోలేదు. ఆ రోజు ఈశాన్యం గాలి 15 నాట్ల దాకా ఉంది. 95 నాట్ల విమానం 190 గీత మీద నడవాలంటే ముక్కు ఏడు డిగ్రీలు ఎడమకి, గాలి వైపు పెట్టి వెళ్ళాలి. జీపీఎస్ చెప్పేది మనం నేల మీద ఎటు జరుగుతున్నామో, డీజీ చెప్పేది ముక్కు ఎటుందో. "మీది ఏ ఊరయ్యా" అంటే రాజోలు అన్నాడు. "మరి సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కలేదా? వరద రోజుల్లో పంటు ముక్కు నరసాపురం రేవు మీద పెడతాడా, ఎగువకి పెడతాడా?" అన్నాను. నవ్వేసి "ఎగువకేనండి" అన్నాడు. మళ్ళీ ఆ ప్రశ్న అడగలేదు. నిజానికి లాగ్‌లో ఉన్న 10 డిగ్రీల్లో గాలి వాటా కూడా కొంత ఉండే ఉంటుంది, కాకపోతే ఏ రోజు ఎంత గాలో ఎవరూ రాసిపెట్టలేదు.

నేను చూస్తున్నది జీపీఎస్ కాదు, కంపాస్. ప్రతి లెగ్ (త్రిభుజంలో ఒక్కో భుజం) చివర విమానాన్ని ఒక నిమిషం లెవెల్‌గా, తిన్నగా, ఒకే స్పీడులో ఉంచమని చెప్పి, కంపాస్ ఊగడం ఆగాక రెండూ ఒకేసారి చదివి ఫ్యూయల్ రసీదు వెనక రాసుకున్నాను. నరసాపురం దగ్గర, 24 నిమిషాలకి, కంపాస్ కంటే డీజీ 11 ఎక్కువ. యానాం దగ్గర, 49 నిమిషాలకి, డీజీ 3 తక్కువ. రాజమండ్రి దగ్గరికొచ్చేసరికి, 69 నిమిషాలకి, డీజీ 1 ఎక్కువ.

ఆ మూడు అంకెలూ ఒక్కసారి చూడండి. పైకి 11, కిందికి 14, మళ్ళీ పైకి 4. ఏ జైరో ఇలా చేయదు. బేరింగ్ పోయినది ఒకే వైపు పోతుంటుంది, మహా అయితే వేగం మారుతుంది. విమానం ఏ దిక్కుకి వెళ్తోందన్నదాన్ని బట్టి తప్పు దిశ మారుతోందంటే, ఆ తప్పు ఉత్తరం తెలిసిన వస్తువులోనే ఉండాలి. అంటే కంపాస్‌లో. ఇంతకాలం పైలట్లు చేస్తున్నదేమిటంటే, తప్పు చెప్పే కంపాస్‌ని చూసి డీజీ సరిచేయడం, తర్వాతి లెగ్‌లో కంపాస్ ఇంకో తప్పు చెబితే డీజీ పారిపోయిందని రాయడం.

దిగాక, అదే రన్‌వే 05 మీద మధ్య గీతకి సరిగ్గా నిలబెట్టి డీజీ చదివాం. బయల్దేరినప్పటి కంటే 6 ఎక్కువ. ఇందులో కంపాస్ జోక్యం లేదు, గాలి జోక్యం లేదు, అదే తారు, అదే గీత. కాబట్టి డీజీ నిజంగా జరిగింది 69 నిమిషాల్లో 6 డిగ్రీలే. హమ్మయ్య అనుకోబోయి ఆగాను. 6 ఎక్కువ. ఎక్కువ! మన దగ్గర తగ్గాలి కదా. ఐదు తగ్గి ఉంటే సంతకం పెట్టి ఇంటికెళ్ళేవాణ్ణి.

ఇద్దరు దొంగలన్నమాట. ముందు సులువైనది.

కంపాస్ విండ్‌స్క్రీన్ మధ్యలో పైన ఉంటుంది. దానికి జానెడు కింద, ప్యానెల్ పైనున్న నల్లటి అంచు మీద గుండ్రటి బిళ్ళ ఒకటి అతికించి ఉంది. ఫోన్ హోల్డర్. కార్లో పెట్టుకునే రకం, అయస్కాంతంతో ఫోన్‌ని పట్టుకునేది. "అది అందరూ వాడేదేనండి" అన్నాడు కుర్రాడు. గోరుతో లేపి తీశాను, తీస్తున్నప్పుడు కంపాస్ కార్డు చూడమన్నాను. బద్ధకంగా కదిలి ఏడెనిమిది డిగ్రీల అవతల ఆగింది. మళ్ళీ దగ్గరపెట్టాను, వెనక్కొచ్చింది. ఇన్‌స్ట్రక్టర్ గారు తానే తీసుకుని రెండుసార్లు చేసి చూశారు. కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

మరి గ్రౌండ్ రన్‌లో ఎందుకు దొరకలేదంటే, గ్రౌండ్ మీద విమానం ఒకే దిక్కుకి చూస్తుంది. కంపాస్ తప్పే కావచ్చు, ఆ తప్పు కదలదు. దానికే డీజీ పెట్టి పది నిమిషాలు ఇంజన్ తిప్పి చూస్తే రెండూ దాదాపు కలిసే ఉంటాయి, ఇంజనీరు బాగుందని రాస్తాడు, అందులో అబద్ధమేమీ లేదు. దిక్కు మారితేనే అయస్కాంతం బయటపడుతుంది.

ఒక పక్క మాట. కంపాస్ తప్పులనగానే చాలామంది తూర్పు పడమరల్లో స్పీడు పెంచితే ఉత్తరం, తగ్గిస్తే దక్షిణం చూపించే పాఠం ఎత్తుతారు. నిజమే, కానీ అది భూమి అయస్కాంత క్షేత్రం కిందికి వంగిన చోట్ల గట్టిగా ఉంటుంది. మనకి అయస్కాంత మధ్యరేఖ దగ్గరే, అది కేరళ కొసన తుంబా దగ్గరగా పోతుందనే కదా 1963లో అక్కడ రాకెట్లు మొదలెట్టారు. డెల్టాలో ఆ వంపు తక్కువ, కాబట్టి ఆ తప్పులూ తక్కువే. 11 డిగ్రీలని దాని ఖాతాలో వేయడం కుదరదు.

రెండో దొంగ కోసం హ్యాంగర్‌లో కూర్చోవాల్సొచ్చింది. విమానాన్ని లెవెల్ చేసి, బయటి వాక్యూమ్ పంపు తగిలించి, సక్షన్ గేజ్ 5 అంగుళాల (పాదరసం లెక్కన) దగ్గర నిలబెట్టి, రోటర్ పూర్తి వేగం అందుకోవడానికి కాసేపిచ్చి, డీజీ 050 మీద పెట్టాను. ఇంజన్ లేదు, కుదుపు లేదు, గాలి లేదు. ఈ పని చాలా బోరు, నిజం చెప్పాలంటే అందుకే ఎవరూ చేయరు. పావుగంటకి 051 దాటింది. అరగంటకి 052 దాటి ముప్పాతిక. ముప్పావుగంటకి 054. గంటకి 055 దాటి ఇంకొంచెం. ఎక్కడా ఎగరలేదు, ఆగలేదు, పావుగంటకు ఒకటింపావు చొప్పున గడియారం ముల్లులా నడిచింది. చెడిపోయిన బేరింగ్ ఇంత క్రమశిక్షణగా ఉండదు.

అప్పుడు వెలిగింది. కొన్ని డీజీల్లో భూమి తిరుగుడుని కొట్టేయడానికి లోపలి గింబల్‌కి (రోటర్‌ని పట్టుకునే చట్రానికి) చిన్న బరువు నట్ ఉంటుంది, లాటిట్యూడ్ నట్ అంటాం. దాన్ని ఒక అక్షాంశానికి సర్దితే, అక్కడ భూమి వల్ల ఎంత తగ్గాలో అంతా ఎదురు తోస్తుంది, డీజీ కదలనట్టే ఉంటుంది. ఈ యూనిట్ ఓవర్‌హాల్ అయింది విదేశంలో, 40 డిగ్రీల ఉత్తరానికి దగ్గరున్న ఊళ్ళో. అక్కడికి సర్దిన నట్ గంటకు 9.7 డిగ్రీలు పైకి తోస్తుంది. మన దగ్గర భూమి కిందికి లాగేది 4.4 మాత్రమే. మిగిలేది 5.3, పైకి. నా పెన్సిల్ అంకెలతో అచ్చంగా కలిసింది. యూనిట్ నిక్షేపంలా ఉంది, కాకపోతే వేరే ఊరి కోసం కుట్టిన చొక్కా.

అలా అయితే పాతది? స్టోర్‌లో అట్టపెట్టెలో ఉంది, పనికిరాదని ఎర్ర ట్యాగ్ కట్టి. తెప్పించి టెస్ట్ స్టాండ్ మీద లెవెల్‌గా బిగించి అదే పంపుతో గంట తిప్పాను. నాలుగున్నర తగ్గింది. భూమి తిరిగినంత, అంతే. దాంట్లో నట్ సర్దుబాటు ఏమీ లేదు, జబ్బు కూడా లేదు.

"అంటే పాతది బాగానే ఉందాండీ?" అన్నారు ఇన్‌స్ట్రక్టర్ గారు.

"బాగానే ఉందండి."

"మరి మేం పెట్టిన డబ్బు?"

దానికి నా దగ్గర జవాబు లేదు. టీ తెప్పించారు.

ఇంకొకటి కూడా చూశాను, డ్రిఫ్ట్‌కి దీనితో సంబంధం లేకపోయినా వదలబుద్ధి కాలేదు. జైరోలకి వెళ్ళే గాలిని వడకట్టే సెంట్రల్ ఫిల్టర్ ఏడాదికోసారి, లేదా 500 గంటలకి మార్చాలి. సార్వా నూర్పిళ్ళ రోజుల్లో మెషిన్లు తిరుగుతుంటే డెల్టాలో గాలిలో ఏముంటుందో ఇక్కడ పుట్టినవాళ్ళకి చెప్పక్కర్లేదు, ఉతికి ఆరేసిన బట్టలు దులుపుకుని వేసుకోవాలి. ఫిల్టర్ తీసి తెల్ల కాగితం మీద తడితే పొట్టు ధూళి రాలింది, వేళ్ళ మధ్య నలిపితే గరగర. ఇంత మురికి పట్టినా గేజ్ 5 దగ్గరే ఎందుకుంది? కొత్త ఫిల్టర్ వేసి ఇంజన్ తిప్పితే 5.8కి లేచింది. ఈ విమానంలో గేజ్ చూపించేది ఫిల్టర్ దాటాక జైరోల మీద పడే తేడాని, కాబట్టి ఫిల్టర్ మూసుకుపోయే కొద్దీ గేజ్ తగ్గుతుంది. ఎవరో ఫిల్టర్ మార్చకుండా సక్షన్‌ని అదుపు చేసే రెగ్యులేటర్ స్క్రూ తిప్పి గేజ్‌ని ఆకుపచ్చ గీతలోకి తెచ్చుకున్నారు. తర్వాత ఎప్పుడో ఎవరో కొత్త ఫిల్టర్ వేసి స్క్రూ వదిలేసుంటే, రోటర్లు ఓవర్‌స్పీడ్‌లో తిరిగి అప్పుడు నిజంగానే బేరింగ్లు పోయేవి. ఫిల్టర్ ముందు, స్క్రూ తర్వాత. ఈ వరస తప్పినవాళ్ళని నేను లెక్కపెట్టడం మానేశాను.

ఇక బాగుచేయడం. హోల్డర్ తీసేశాక కంపాస్ స్వింగ్ చేశాం, అంటే విమానాన్ని దిక్కు దిక్కుకీ తిప్పి కంపాస్ తప్పు చూడడం, విమానాలు నిలిపే యాప్రాన్‌లో కార్లకీ ఇనప ట్రాలీలకీ దూరంగా, ఇంజన్ నడుస్తూ రేడియోలు ఆన్‌లో ఉంచి, 30 డిగ్రీలకోసారి. అన్ని దిక్కుల్లోనూ 3 డిగ్రీల లోపే వచ్చింది, ఏ దిక్కులో ఎంత తప్పో చెప్పే కొత్త డీవియేషన్ కార్డు రాసి పెట్టాం. పాత డీజీని మాత్రం నా మాట మీద వెంటనే బిగించలేం. ఎర్ర ట్యాగ్ పడ్డ వస్తువు అనుమతి ఉన్న షాపుకి వెళ్ళి, పరీక్ష జరిగి, రిలీజ్ సర్టిఫికెట్‌తో రావాలి. దానికి రెండు వారాలు పట్టింది. లోపం ఏమీ కనబడలేదని రాసి పంపారు. ఆ రెండు వారాలూ విదేశీ చొక్కాతోనే ఎగిరారు, పావుగంటకు ఒకటింపావు పెరుగుతుందని ప్యానెల్ మీద చీటీ అంటించుకుని. తెలిసిన తప్పుతో ఎగరడం పెద్ద కష్టం కాదు.

కొత్త యూనిట్‌ని పంపేటప్పుడు నేనే ట్యాగ్ రాశాను. సాధారణంగా అందరూ "డ్రిఫ్ట్ ఎక్కువ" అని రాస్తారు, అది చదివి షాపువాడు తన ఊళ్ళో తన బల్ల మీద తిప్పి చూసి బాగుందని తిప్పి పంపేస్తాడు, ఇద్దరూ ఒకర్నొకరు తిట్టుకుంటారు. నేను ఇలా రాశాను: 17 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో, విమానం కదలకుండా, 5 అంగుళాల సక్షన్ మీద, గంటకు 5.3 డిగ్రీలు పెరుగుతోంది, నట్ 17 డిగ్రీలకి సర్దగలరు. వారానికి మెయిల్ వచ్చింది, అక్షాంశం రాసినందుకు థాంక్స్ అని.

పాత డీజీ బిగించాక అదే త్రిభుజం మళ్ళీ ఎగిరారు. నేను లేను, పండగ రోజులు, ఇంట్లో చుట్టాలు. సాయంత్రం రాజోలు కుర్రాడు ఫోటో పంపాడు, ఈసారి నోట్‌బుక్‌లో గీతలు కొట్టి రాసుకున్నాడు. నరసాపురం, రెండు తక్కువ. యానాం, మూడున్నర తక్కువ. రన్‌వే 05, ఐదు తక్కువ. గాలి ఎంతో కూడా రాశాడు. కింద ఒక ప్రశ్న: "సార్, గన్నవరంలో అయితే ఇంకా తగ్గాలి కదండీ, 16.5కి లెక్క వేస్తే 4.26 వచ్చింది, కరెక్టేనా?"

కరెక్టేనని పంపాను.